గుండెకో మాత్ర - మోకాలికో మాత్ర

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



మీ ఇంట్లో మందుల డబ్బా ఎక్కడుంటుందో ఒక్కసారి తలచుకోండి. ఫ్రిజ్ మీదో, బీరువా పైనో, దేవుడి గూటి పక్కనో ఒక పాత బిస్కట్ల డబ్బా ఉంటుంది. అందులో అత్తగారి బి.పి. మాత్రలు, మావగారి షుగరు మాత్రలు, పిల్లల జ్వరం మందు, ఎప్పుడో సగం వాడి దాచిన షీట్లు, అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఆ డబ్బాకు అధికారి ఎవరయ్యా అంటే ఇంటి ఇల్లాలే. ఎవరికి ఏ మాత్ర ఎన్ని గంటలకు ఇవ్వాలో మనకు కంఠతా వచ్చు. కాని ఆ మాత్రలు ఒకదానితో ఒకటి పొత్తు కుదిరేవో, కుదరనివో మనకు తెలుసునా? నాకు తెలియలేదు. తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందే మనవి చేస్తున్నాను, నేను డాక్టరును కాను. పదో తరగతితో చదువు ఆపేసిన మామూలు గృహిణిని. ఇందులో చెప్పే వైద్యపు సంగతులు డాక్టర్లను అడిగీ, శ్రద్ధగా చదివీ తెలుసుకున్నవి. ఇది విని ఎవరూ ఉన్న మందు మానేయకూడదు, లేని మందు మొదలుపెట్టకూడదు. విని, మీ డాక్టరుగారిని ఒక ప్రశ్న అడిగితే చాలు.

మాది బొబ్బిలి. మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. అయిదేళ్ళ క్రితం గుండెపోటు వస్తే విశాఖపట్నం తీసుకెళ్ళి స్టెంటు వేయించాం. అప్పటినుంచి రోజూ పొద్దున్న టిఫిను కాగానే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర ఒకటి, తక్కిన మాత్రలతో పాటు నా చేత్తోనే ఇస్తున్నాను. ఆవిడ కూడా, "గుండె మాత్ర ఇచ్చావుటే?" అని అడిగి మరీ వేసుకునేవారు. ఒక్క పూట మానలేదు.

కిందటేడు దసరా వెళ్ళాక విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడాలని ఆవిడ ముచ్చట పడ్డారు. వెళ్ళాం. ఆ జనంలో ఎంతసేపు నిలబడ్డామో! తిరిగి వచ్చిన మర్నాడు ఆవిడ మోకాళ్ళు వాచిపోయాయి. లేవలేరు, కూర్చోలేరు. పొరుగింటావిడ వచ్చి, "మా ఆయనకి ఈ మాత్రతో చేత్తో తీసేసినట్టు పోయిందండీ" అని ఒక షీటు చూపించింది. నేనూ మందుల షాపుకి వెళ్ళి అదే పేరు చెప్పాను. ఎవరికని అడగలేదు, ఏ జబ్బుందని అడగలేదు. వాళ్ళనేం అనను, అడగకుండా కొన్నది నేను.

మోకాళ్ళు పట్టేసేది తెల్లవారుజామునే కదా! అందుకని లేవగానే కాఫీతో ఆ నొప్పి మాత్ర, గంటో గంటన్నరో పోయాక టిఫిను అయ్యాక గుండె మాత్ర ఇచ్చేదాన్ని. రెండు రోజులనుకున్నది వారమైంది, వారం అనుకున్నది కార్తీక మాసంలో పడింది. సోమవారాలు ఉపవాసం. కడుపులో ఏమీ లేకుండానే నొప్పి మాత్ర. నాకు తెలియకుండా సాయంత్రం కూడా ఒకటి వేసుకునేవారట, తులసికోట దగ్గర కూర్చుని దీపాలు పెట్టుకోవాలి కదా మరి!

ఆవిడ మొహం తెల్లగా పాలిపోతూంటే ఉపవాసాల నీరసం అనుకున్నాను. పెరట్లో నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే వయసు అనుకున్నాను. విరేచనం నల్లగా తారులా అవుతోందన్న సంగతి ఆవిడకు తెలుసు. సిగ్గుపడి కోడలికి చెప్పలేదు. ఒకనాటి తెల్లవారుజామున తులసికోట దగ్గరే ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే పన్నెండో పదమూడో ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడుకి లోపల ఉంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, అందులోంచి రక్తం.

అప్పుడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మోకాళ్ళకేం వాడుతున్నారు?" అని. మేం గుండె మాత్రల చీటీలన్నీ పట్టుకెళ్ళాం గాని ఇది చెప్పాలన్న ఊహే రాలేదు. నొప్పి మాత్రను మేం మందుగా లెక్కపెట్టలేదన్నమాట! అత్తగారే బొడ్డులో దోపుకున్న షీటు తీసి చూపించారు. ఆయన దాన్ని చూసి, "అమ్మా, కడుపులో రక్తం పోవడం మీకు కనబడిన నష్టం. కనబడని నష్టం ఇంకోటి ఉంది. ఇన్నాళ్ళూ మీరు ఇచ్చిన గుండె మాత్ర పనిచేసిందో లేదో చెప్పలేను" అన్నారు.

ఆ మాటకు నా కాళ్ళకింద నేల కదిలిపోయింది. ఒక్క పూట మానకుండా ఇచ్చిన మాత్ర పనిచెయ్యకపోవడమేమిటి? ఆ సంగతి అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు నాలుగు మాటల్లో చెబుతాను.

ఆస్పిరిన్ కొత్త మందేం కాదు. 1897లో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బేయర్ కంపెనీలో దీన్ని తయారు చేశాడు, 1899లో ఆ పేరుతో అమ్మకానికి వచ్చింది. చాలా కాలం అది తలనొప్పి మాత్రే. కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే డాక్టరు గొంతు ఆపరేషన్లు చేసేవాడు. నొప్పికని ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఎక్కువగా నమిలిన రోగులకు రక్తం ఆగడం లేదని కనిపెట్టాడు. రక్తం అంత తొందరగా గడ్డకట్టనివ్వని మందు గుండెపోటు రాకుండా కాపాడకూడదా అనుకుని 1950 ప్రాంతంలో ఆ మాట రాశాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఆస్పిరిన్ శరీరంలో ఏం చేస్తుందో తేల్చాడు. అందుకు 1982లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1988లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చిన 17,187 మందిని పరిశీలించారు. నెల రోజుల పాటు రోజూ కొద్దిపాటి ఆస్పిరిన్ ఇచ్చినవారిలో మరణాలు అయిదో వంతుకు పైగా తగ్గాయి. అర్ధరూపాయి, రూపాయి ఖరీదు చేసే మాత్ర అంత పని చేస్తుందంటే ఆశ్చర్యం కాదూ!

గుండెజబ్బు పట్నాల్లో, డబ్బున్న వాళ్ళకి వచ్చే జబ్బని మన పెద్దలనేవారు. అది ఎప్పుడో చెల్లిపోయిన మాట. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అప్పటినుంచి పేదలకు కూడా గుండె ఆపరేషన్లు, స్టెంట్లు అందుబాటులోకి వచ్చాయి. అంటే స్టెంటు వేయించుకుని రోజూ ఆ చిన్న మాత్ర మింగే మనిషి ఇవాళ మన వీధి వీధికీ ఉన్నారు. ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులు కూడా ఉంటాయి. రెండూ అదే వయసులో వచ్చేవే కదా!

ఇక ఆ మాత్ర చేసే పని చూద్దాం. రక్తాన్ని పలచన చేసే మందు అంటాం గాని, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు అదేం పలచన చెయ్యదు. డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అన్న మాట మనందరికీ తెలుసు. చెయ్యి తెగితే ఈ ప్లేట్‌లెట్లే ఒకదానికొకటి అంటుకుని రక్తం ఆపుతాయి. అది మంచిదే. కాని గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో కొవ్వు పేరుకుని, ఆ పేరుకున్నది పగిలిందనుకోండి, అక్కడ కూడా ఇవి గబగబా అంటుకుని దారి మూసేస్తాయి. అదే గుండెపోటు. ప్లేట్‌లెట్లకు అంటుకునే గుణం ఇచ్చే పదార్థం తయారు కావడానికి వాటి లోపల ఒక ఎంజైము ఉంది. ఆస్పిరిన్ వెళ్ళి ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని మళ్ళీ పనికిరాకుండా చేసేస్తుంది. ప్లేట్‌లెట్టు బతికేది వారం, పది రోజులు. ఆ పాడైన ఎంజైముకు బదులు కొత్తది తయారుచేసుకునే శక్తి దానికి లేదు. కనుక అది బతికున్నన్నాళ్ళూ నిమ్మళంగా ఉంటుంది. రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడుతూంటాయి కాబట్టి మాత్ర రోజూ వెయ్యాలి.

మరి నొప్పి మాత్ర ఏం చేస్తుంది? బ్రూఫెన్ అని మనం పిలిచే ఐబూప్రోఫెన్ కూడా సరిగ్గా ఆ ఎంజైము దగ్గరికే వెళుతుంది. మన బొబ్బిలిలో విజయనగరం బస్సు ఎక్కేటప్పుడు చూడండి, బస్సు ఆగీ ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేస్తారు. ఐబూప్రోఫెన్ అలా తువ్వాలు వేసే మనిషి. ఆస్పిరిన్ చివరిదాకా, అంటే విజయనగరం దాకా వెళ్ళవలసిన ప్రయాణీకుడు. పాపం ఆయన ఎక్కి చూసేసరికి సీటు మీద తువ్వాలుంది. ఆయనకు ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు, ఆస్పిరిన్ రక్తంలో ఆస్పిరిన్‌గా నిలిచేది కొద్దిసేపే, సీటు దొరక్కపోతే దిగిపోతాడు. తువ్వాలు వేసినాయన మాత్రం విజయనగరం దాకా వస్తాడా? రాడు. రామభద్రపురంలో తువ్వాలు దులుపుకుని దిగిపోతాడు. ఐబూప్రోఫెన్ పట్టు కొన్ని గంటలే. ఇక అక్కడినుంచి సీటు ఖాళీ! మర్నాడు మాత్ర వేసేదాకా ఆ ప్లేట్‌లెట్లను అదుపులో పెట్టేవారు లేరు.

ఇప్పుడు నేను చేసిన పని గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే కాఫీతో నొప్పి మాత్ర, తర్వాత గుండె మాత్ర. అంటే రోజూ నా చేత్తో నేనే సీటు మీద తువ్వాలు వేసి, ఆ తర్వాత ఆస్పిరిన్‌ని బస్సెక్కించాను!

ఇది ఎవరి ఊహా కాదు. 2001లో అమెరికాలో ఈ సంగతి పరీక్షించి ప్రకటించారు. ఆస్పిరిన్‌కు ముందు ఐబూప్రోఫెన్ వేస్తే ఆస్పిరిన్ పని చెడింది. ఆస్పిరిన్ ముందే వేసినా, ఐబూప్రోఫెన్ రోజుకు మూడుసార్లు వేసుకునేవారిలో మర్నాటికి అదే తంతు. పారాసిటమాల్‌తో మాత్రం ఈ చిక్కు రాలేదు. 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లకు దీన్ని గురించి హెచ్చరిక చేసింది. ఎప్పుడైనా ఒక్క 400 మిల్లీగ్రాముల ఐబూప్రోఫెన్ తప్పనిసరైతే ఆస్పిరిన్ వేసిన అరగంట తర్వాతైనా వెయ్యాలి, లేదా ఆస్పిరిన్‌కు ఎనిమిది గంటల ముందైనా వెయ్యాలి అని చెప్పింది. కాని తొందరపడి ఈ లెక్క గోడ మీద రాసిపెట్టుకోకండి. ఈ అరగంట లెక్క కడుపులో వెంటనే కరిగే ఆస్పిరిన్‌కు. మన ఇళ్ళల్లో గుండెకు వాడేవాటిలో చాలావరకు పైన పూత ఉన్న మాత్రలు, ఎకోస్ప్రిన్ లాంటివి. ఆ పూత కడుపు దాటి పేగులోకి వెళ్ళాక కరుగుతుంది. దానికి చాలా సేపు పడుతుంది. ఎంతసేపన్నది మనిషి మనిషికీ మారుతుంది. దానికి ఏ లెక్కా చెప్పలేమని ఆ సంస్థే అంది. కనుక గడియారం చూసుకుని రెండూ సర్దుబాటు చేద్దామనుకోవడం మన పని కాదు.

ఇక్కడ మీలో కొందరికి నాకొచ్చిన అనుమానమే వస్తుంది. గడ్డకట్టకుండా చేసే మందు పనిచెయ్యకపోతే మరి కడుపులో రక్తం ఎందుకు పోయిందని! నేనూ డాక్టరుగారిని అడిగాను. మన కడుపులో ఆమ్లం అన్నాన్నే కాదు, కడుపు గోడను కూడా తినెయ్యగలదు. తినకుండా గోడకు కాపలాగా ఒక జిగురు పూత ఉంటుంది. ఆ కాపలాను నిలబెట్టే పదార్థాలను ఆస్పిరిన్ కొంత తగ్గిస్తుంది, నొప్పి మాత్ర ఇంకా తగ్గిస్తుంది. ఇద్దరూ కలిస్తే గోడ పుండు పడుతుంది. పైగా ఐబూప్రోఫెన్ సీటులో కూర్చున్న ఆ కొన్ని గంటలూ ప్లేట్‌లెట్లు అంటుకోవు గనక పుండులోంచి కారే రక్తం ఆగదు. అంటే కడుపుకు చేటు తప్పలేదు, గుండెకు మేలు దక్కలేదు. రెండిందాలా నష్టమే!

"అయితే ఐబూప్రోఫెన్ మానేసి ఇంకో నొప్పి మాత్ర వేసుకుంటే సరి" అనుకోకండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, ఇవన్నీ ఒక గోత్రంవే. ఇందులో నాప్రోక్సెన్ కూడా ఆ సీటు పట్టేదే. డైక్లోఫెనాక్ ఆ 2001 పరీక్షలో సీటుకు అడ్డం రాలేదు, నిజమే. కాని అది తనంతట తానే గుండెకు ముప్పు పెంచుతుందని తేలి, గుండెజబ్బున్న వారు దాన్ని వాడనే వాడకూడదని 2013లో యూరపు మందుల సంస్థ చెప్పింది. 2015లో డెన్మార్కు నుంచి ఒక లెక్క వచ్చింది. గుండెపోటు వచ్చి రక్తం గడ్డకట్టని మందులు వాడుతున్న 62 వేల మందిని గమనించారు. వారిలో ఈ రకం నొప్పి మాత్రలు కూడా వేసుకున్నవారికి రక్తస్రావం ముప్పు రెండింతలైంది. మళ్ళీ గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే ముప్పు కూడా పెరిగింది. మూడు రోజులే వాడినవారికి కూడా రక్తస్రావం ముప్పు కనిపించింది. "రెండు రోజులే కదా" అనే మనకు ఇది తెలియాలి.

ఇంకో మాట. ఈ గోత్రం మాత్రలు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవారికి ఇంకా ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో ఎన్ని కుటుంబాలు కిడ్నీ జబ్బుతో అల్లాడాయో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. అయితే తోటల్లో కాయకష్టం చేసే వాళ్ళు ఒళ్ళునొప్పులకు ఈ మాత్రలు విరివిగా మింగడం కూడా పరిశోధకులు అనుమానించిన వాటిలో ఉంది. మన ప్రాంతంలో ఉన్నవాళ్ళం ఈ మాత్రల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటే తప్పేముంది?

మా ఇంటికి కూరలు తెచ్చే ఆవిడ ఒకతె ఉంది. ఈ సంగతంతా నేను చెబుతూంటే గుమ్మంలో కూర్చుని విని, "ఏటమ్మా, గుండి మాత్రకీ మోకాలి మాత్రకీ తగువేటి? రెండూ మనం కొన్నవే కదా!" అంది. నవ్వొచ్చింది గాని, మనమంతా అనుకునేది అదే. ఆవిడ బుట్టలో కూడా నొప్పి మాత్రల షీటు ఉంది. ఏం పేరో ఆవిడకు తెలియదు. "ఎర్రదమ్మా" అంది, అంతే.

ఇక మనం చెయ్యవలసినవి చెబుతాను.

మొదటిది, పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న పేరు చూడండి. పెద్దక్షరాలది కంపెనీ పెట్టిన పేరు, లోపలున్న మందు పేరు కిందే ఉంటుంది. కాంబిఫ్లామ్ అని ఉంటే లోపల ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. డిస్ప్రిన్ అంటే ఆస్పిరినే, అదీ పెద్ద మోతాదులో. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవారు తలనొప్పికి మళ్ళీ అదే వేసుకుంటున్నారన్నమాట. చత్వారం ఉంటే పిల్లలచేత చదివించండి. చదువుకున్న పిల్లలు ఆ మాత్రం సాయం చెయ్యరా?

రెండోది, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఇంట్లో ప్రతి మనిషికి ఒక పేజీ. గుండె డాక్టరు రాసినవి, ఎముకల డాక్టరు రాసినవి, షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం పొడులు, అన్నీ రాయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అది చూపించండి. ఎముకల డాక్టరుకు గుండె సంగతి చెప్పాలి, గుండె డాక్టరుకు మోకాలి సంగతి చెప్పాలి. సంతల్లో అమ్మే నొప్పుల పొడులను కూడా నమ్మకండి. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్లు, ఈ నొప్పి మందులే కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది.

మూడోది, నొప్పిని ఓర్చుకోమని నేననడం లేదు. మా ఊరి పక్క గొల్లపల్లిలో పనస దుంగలోంచి వీణ చెక్కేవారిని చూడండి, రోజంతా ఉలి పట్టిన భుజానికి నొప్పి రాకేం చేస్తుంది? అంట్లు తోమి, బట్టలు ఉతికి, పిండి రుబ్బే మన చేతులూ అంతే. గుండె మాత్ర వేసుకునేవారికి నొప్పి వస్తే డాక్టర్లు సాధారణంగా ముందు చెప్పేది పారాసిటమాల్. అదీ మితంగానే. పెద్దవాళ్ళకు ఒక్కోసారి 500 గాని, 650 మిల్లీగ్రాములు గాని, మధ్య ఆరుగంటలు ఎడం ఉంచి, రోజంతా కలిపి 3 గ్రాములు దాటకుండా ఇవ్వాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. లివరు జబ్బున్నవారు, మద్యం అలవాటున్నవారు దాన్ని కూడా అడగకుండా వాడకూడదు. ఇక ఉప్పు మూటకట్టి కాపడం, వావిలాకు మరిగించిన వేణ్ణీళ్ళు, మోకాలి కండలకు డాక్టరు చెప్పిన చిన్న చిన్న వ్యాయామాలు, కిందకూర్చోవడం మాని పీట మీదో కుర్చీ మీదో కూర్చోవడం, ఇవన్నీ చాలావరకు ఊరటనిస్తాయి. షుగరున్నవారికి స్పర్శ తక్కువ గనక కాపడం వేడి మీ చేత్తో చూసి పెట్టండి. పైన రాసే నొప్పి మందు కూడా ఒక్కసారి అడిగే వాడండి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది విని భయపడి గుండె మాత్ర ఆపేయకండి! ముఖ్యంగా స్టెంటు వేయించుకున్నవారు సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. క్లోపిడోగ్రెల్ అనే రెండో మాత్ర ఉన్నవారికీ అదే మాట. వారు కడుపులో మంటకు వేసుకునే గ్యాస్ మాత్ర ఏదో కూడా డాక్టరుకు చెప్పాలి. ఒమిప్రజోల్ లాంటివి క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. గుండెలో కవాటం మార్పించుకుని ఎసిట్రామ్, వార్‌ఫరిన్ లాంటివి వాడేవారు ఇంకా జాగ్రత్త పడాలి. వారికి నొప్పి మాత్రతో రక్తస్రావం ముప్పు మరీ ఎక్కువ, రోజుల తరబడి పారాసిటమాల్ వేసుకున్నా రక్తం పరీక్షలో తేడా వస్తుంది. మా అత్తగారి మాత్ర ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా డాక్టర్లే నిర్ణయించారు, మేం కాదు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. గుండెకు మంచిదట కదా అని ఏ జబ్బూ లేనివారు ఆస్పిరిన్ మొదలుపెట్టకూడదు. 2018లో ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19 వేలమంది ఆరోగ్యవంతులైన వృద్ధుల మీద చేసిన పరీక్షలో గుండెకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. పొరుగింటావిడ మాత్ర మనకు పనికిరాదు, మన మాత్ర పొరుగింటావిడకు పనికిరాదు.

అయిదోది, సిగ్గు విడవండి. విరేచనం తారులా నల్లగా జిగటగా అయినా, వాంతిలో కాఫీ మడ్డి లాంటిది వచ్చినా, మనిషి పాలిపోయి ఆయాసపడినా, తల తిరిగి పడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఐరన్ మాత్రలకు కూడా విరేచనం నలుపవుతుంది, అదో ఇదో డాక్టరే తేలుస్తారు. గుండెలో నొప్పి, బరువు, చెమటలు పడితే వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళు తమంతట తాము ఇవి చెప్పరు. మనమే వారానికోసారి పక్కన కూర్చుని మెల్లగా అడగాలి. అమ్మను అడిగినట్టు అత్తగారిని అడిగితే ఆవిడకూ సిగ్గు పోతుంది. మా ఇంట్లో అలా పోయింది.

మా అత్తగారు ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. పుండు మానింది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు, కాని పొద్దున్న వావిలాకు నీళ్ళతో స్నానం, సాయంత్రం కాపడం, ఎప్పుడైనా మరీ బాధగా ఉంటే పారాసిటమాల్. ఈ మధ్య వీధిలో ఎవరింట్లో ఎవరికి నొప్పొచ్చినా ఆవిడే వెళ్ళి, "ఏదీ, ఆ షీటు చూపించు. కింద చిన్నక్షరాలు చదువు" అంటున్నారు. కూరలావిడ ఎర్ర మాత్ర పేరు కూడా చదివించి, డాక్టరు దగ్గరికి పంపించింది ఆవిడే.

సెలవు తీసుకునే ముందు ఒక్క కోరిక. ఇవాళ సాయంత్రం పని అయ్యాక ఆ బిస్కట్ల డబ్బా దింపి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క షీటూ తీసి వెనకవైపు చదవండి. గుండె మాత్ర ఉన్న ఇంట్లో నొప్పి మాత్ర కూడా కనిపిస్తే, దాన్ని పక్కన పెట్టి రేపే డాక్టరుగారిని అడగండి. మాత్ర వేళకు ఇవ్వడం ఒక్కటే కాదు, దాని పక్కన ఇంకే మాత్ర కూర్చుందో చూడడం కూడా మన పనే. ఆ రెండో పని నేను చెయ్యలేదు. మీరు చెయ్యండి.